కర్త లేని కార్ఖానా

గురునాథ్‌కు నాలుగు భాషలు వచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బీదర్ బజారులో ఉర్దూ, సరిహద్దు సంతల్లో మరాఠీ. నాలుగింటిలోనూ బేరమాడగలడు, తిట్టగలడు, తిట్లు తిని నవ్వగలడు. అయినా అతన్ని చదువుకున్నవాడని ఎవరూ అనలేదు. ఆ నాలుగూ ఊరికే వచ్చినవి. ఫీజు కట్టకుండా వచ్చినదాన్ని విద్య అనడానికి లోకానికి నోరు రాదు.

సొంత ఊరు చింతకి. కాపురం బీదర్ పక్కన నౌబాద్‌లో, పని అక్కడే సంగమేష్ సేట్ డ్రిప్పు పైపుల కార్ఖానాలో. పైపు చుట్టలు మోసే పనితో మొదలుపెట్టి, మిషన్ మీదికి ఎక్కి, చివరికి సూపర్‌వైజరయ్యాడు. సేట్ నోటిమాటగా ఏం జరిగిందని అడిగేవాడు, గురునాథ్ నోటిమాటగా చెప్పేవాడు, సేట్ తిట్టేవాడు, ఇద్దరూ కలిసి చాయ్ తాగేవాళ్ళు. కార్ఖానా అలా నడిచిపోయేది.

ఇంతలో పుణె నుంచి ఒక సలహాదారు వచ్చాడు. పెద్ద డీలర్లకు సరుకు అమ్మాలంటే కంపెనీకి నాణ్యత సర్టిఫికెట్ కావాలనీ, సర్టిఫికెట్ కావాలంటే ప్రతి సాయంత్రం రిపోర్టు రాయాలనీ, అది ఇంగ్లీషులోనే ఉండాలనీ చెప్పి, భోంచేసి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచే రిపోర్టులు. గురునాథ్ మొదటి రిపోర్టును సేట్ అందరి ముందూ నిలబడి చదివాడు.

"ఐ ఫర్‌గెట్ హీటర్. ఐ బర్న్ పైప్. ఐ సారీ."

ఆఫీసులో టైపు చేసే రిబ్కా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది రిపోర్టా, పోలీస్ ఠాణాల ఒప్పుకోలా?" అన్నాడు సేట్. "ఇన్ని 'ఐ'లు ఎందుకయ్యా? రేపు పుణె ఆయన సూస్తే మన కంపెనీ అంత నువ్వే కాలబెట్టినవనుకుంటడు. పో, ఎక్కడన్న నేర్చుకొని రా."

అలా గురునాథ్ నౌబాద్ చౌరస్తాలో టైర్ల దుకాణం మీద ఉన్న ఇంగ్లీష్ క్లాసులో చేరాడు. చేరడానికి వచ్చినవాళ్ళకు ముందు చిన్న పరీక్ష పెట్టి, 'ఐ యామ్', 'యూ ఆర్' వచ్చినవాళ్ళను ఇంటర్మీడియట్ బ్యాచ్‌లో కూర్చోబెట్టేవారు. గురునాథ్ అందులో పడ్డాడు. ఈ ముక్క భార్య ప్రేమల తన తల్లికి ఫోన్‌లో చెప్పింది. జహీరాబాద్ దగ్గరి అత్తగారి ఊళ్ళో ఇంటర్మీడియట్ అంటే ఒకటే అర్థం. అల్లుడు ముప్పై దాటాక ఇంటర్ చదువుతున్నాడనీ, ఇన్నాళ్ళూ పదో తరగతివాడికే పిల్లనిచ్చామనీ అత్తగారు వారం రోజులు బాధపడింది.

పాఠం చెప్పే జయానందం సార్ వేసవిలో కూడా టై కట్టుకునేవాడు. "ఇంగ్లీష్ గ్రామర్ ఒక పెద్ద బంగ్లా. మీరంతా ఇంకా అరుగు మీదనే కూర్చున్నరు," అనేవాడు. రోజుకొక కొత్త మాట ఇచ్చి, ఇంటికి వెళ్ళి వాడమనేవాడు. గురునాథ్ నిజాయితీపరుడు. వాడమంటే వాడాడు. 'నెవర్దిలెస్' వచ్చిన రోజు హోటల్లో కూర్చుని, "చాయ్ సల్లగైంది. నెవర్దిలెస్ తాగుత," అన్నాడు. హోటలాయన అదేదో కొత్త బిస్కెట్ అనుకుని, అది మా దగ్గర దొరకదన్నాడు.

మాటలు ఇలా చిల్లరగా ఖర్చవుతూ ఉండగా, ఒక సాయంత్రం జయానందం సార్ బోర్డు మీద ఒక పిల్లిని తెచ్చాడు. పిల్లి పాలు తాగింది. దాన్ని తిప్పి, పాలు పిల్లి చేత తాగబడ్డాయి. దాన్ని కర్మణి వాక్యమంటారని చెప్పాడు. "ఇందులో కర్త వెనక్కు పోతది, కర్మ ముందుకొస్తది. ఇంకొక సౌకర్యం గూడ ఉన్నది. కర్త ఎవరో తెల్వకుంటే మొత్తానికే తీసెయ్యొచ్చు." డస్టర్‌తో పిల్లిని తుడిచేశాడు. పాలు తాగబడ్డాయి.

గురునాథ్ బోర్డు వంక నోరు తెరుచుకుని చూశాడు. "సార్, పిల్లి ఎటు పోయింది?"

"పిల్లితోని మనకు పని లేదు."

"తెల్సి గూడ తీసెయ్యొచ్చా సార్?"

జయానందం సార్ ఈ ప్రశ్న ముందెన్నడూ వినలేదు. కొంచెం ఆలోచించాడు. "గ్రామర్ ఒప్పుకుంటది," అన్నాడు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని మన పెద్దలు నవ్వారు. ఇంగ్లీషువాడు కళ్ళు మూయించే తిప్పలు పెట్టుకోలేదు, పిల్లినే మాయం చేశాడు. అంత పెద్ద రాజ్యం ఎట్లా ఏలాడో గురునాథ్‌కు ఆ సాయంత్రం, మోటారు సైకిల్ మీద ఇంటికి పోతూ ఉంటే, అర్థమైంది.

మరుసటి వారమే అతను మిషన్ హీటర్ మళ్ళీ ఆపలేదు. పైపు మళ్ళీ మాడింది. గురునాథ్ కూర్చుని జాగ్రత్తగా రాశాడు. 'హీటర్ వాజ్ లెఫ్ట్ ఆన్. పైప్ వాజ్ డ్యామేజ్డ్.' కాగితం సేట్ చేతికిచ్చి, తిట్లకు సిద్ధపడి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సేట్ చదివాడు. మళ్ళీ చదివాడు. ఎవరు వదిలారని అడగబోయినట్టు పెదవి కదిలింది గాని, మాట బయటికి రాలేదు. అసలు సంగతేమిటంటే సేట్ ఇంగ్లీషు కూడా అరుగు మీది ఇంగ్లీషే. ఇంత నున్నటి వాక్యాన్ని ఎవరని అడిగితే, ఆ జవాబు ఆ వాక్యంలోనే ఎక్కడో ఉండి తనకు కనబడలేదేమోనని భయపడ్డాడు. "బాగున్నది. గిట్ల రాయాలె," అని సంతకం పెట్టేశాడు.

ఆ సంతకం సంగతి కార్ఖానా అంతటా తెలిసిపోయింది. ప్యాకింగ్‌లో పనిచేసే అంబిక మధ్యాహ్నం గిన్నె మూత తీస్తూ, "అన్నా, ఆ మంత్రం మాకు గూడ చెప్పవా?" అని అడిగింది. అతను చెప్పాడు. మంచి విద్య దాచుకునే మనిషి కాదు. నెల తిరిగేసరికి కార్ఖానాలో మనుషులు ఏ తప్పూ చేయడం మానేశారు. లేబుళ్ళు తారుమారు చేయబడ్డాయి. తాళాలు పోగొట్టబడ్డాయి. ఆలస్యంగా రాబడింది. రిపోర్టులు చదివితే అక్కడ పనివాళ్ళెవరూ లేరనీ, మిషన్లకు దయ్యం పట్టి వాటంతటవే పైపులు చేసి వాటంతటవే పాడుచేసుకుంటున్నాయనీ అనిపించేది. పుణె సలహాదారు మళ్ళీ వచ్చి, ఇంత పక్వమైన కాగితాలు తన సర్వీసులో చూడలేదన్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. గేటు మీద రంగుల ఫ్లెక్సీ కట్టారు. గురునాథ్‌ను సీనియర్ సూపర్‌వైజర్ చేశారు. చేశారని కూడా అనడానికి లేదు. ఆ ఉత్తర్వులో అతను చేయబడ్డాడు.

అప్పుడప్పుడూ ఈ విద్య ఎదురు తిరిగేది. ఒకసారి పెద్ద మోటారు కాలిపోతే పొద్దుటి నుంచి తిండి మాని, మసి పూసుకుని, తనే విప్పి తనే బిగించి నడిపించాడు. సాయంత్రం అలవాటు కొద్దీ 'మోటార్ వాజ్ రిపేర్డ్' అని రాశాడు. సేట్ చదివి ఎంతో సంతోషించాడు. "మన మోటార్ మంచిది," అన్నాడు.

ఇంట్లో మాత్రం ఈ వాక్యం చెల్లలేదు. ఒకరోజు పొయ్యి దగ్గర నిలబడి మాటలు వల్లెవేస్తూ, గురునాథ్ పాలు పొంగించాడు. "మిల్క్ వాజ్ బాయిల్డ్ ఓవర్," అన్నాడు గంభీరంగా.

ప్రేమల గట్టు తుడుస్తూ, "పాలు పొంగినయ్ అంటె సరిపాయె గదా," అంది. "గిలాస పలిగింది, పాలు పొంగినయ్, ఉప్పు ఎక్కువైంది. మా అమ్మ నాకు ఫీజు లేకుంటనె నేర్పింది."

గురునాథ్ ఆలోచనలో పడ్డాడు. నిజమే, తెలుగులో గ్లాసులు వాటంతటవే పగులుతాయి. కాని ఆ సౌకర్యం వంటింటి దాకానే. కాస్త పెద్ద తప్పుకు అది చాలదు. పెద్ద తప్పుకు ఇంగ్లీషే కావాలి. ఈ మాట పైకి అంటే, ప్రేమల కంచం ముందు పెట్టి, "పప్పు మాడ్చబడ్డది. తినబడుతదా, వద్దా?" అంది. తినబడింది.

ఆ పెద్ద తప్పు చలికాలం చివర వచ్చింది. డ్రిప్పు పైపుకు నీటి చుక్క పడే బెజ్జాలు ఎంతెంత దూరంలో పొడవాలో మిషన్‌కు ముందే అంకె పెట్టి చెప్పాలి. తర్బూజ, అంటే పుచ్చకాయ, తోటల కోసం వచ్చిన ఆర్డరది. మర్నాడు జయానందం సార్ క్రియాపదాల పరీక్ష పెడతానన్నాడు. గురునాథ్ 'రైట్, రోట్, రిటన్' అనుకుంటూ, 'బ్రేక్, బ్రోక్, బ్రోకెన్' దగ్గర తడబడుతూ మిషన్ మీద అంకె నొక్కాడు. వేరే అంకె నొక్కాడు. చుట్టలన్నీ తయారై వరుసగా పేర్చాక చూసుకున్నాడు. లారీ బయట నిలబడి హారన్ కొడుతోంది.

పాత గురునాథ్ అయితే లారీని ఆపి, పరుగెత్తి సేట్ కాళ్ళ మీద పడేవాడు. కొత్త గురునాథ్ దగ్గర కలం ఉంది. 'స్పేసింగ్ వాజ్ సెట్ రాంగ్లీ. రోల్స్ వర్ డిస్పాచ్డ్.' తప్పు రాశాడు గదా, దాచలేదు గదా. సేట్ సంతకం పెట్టాడు. లారీ కదిలింది. పరీక్షలో గురునాథ్‌కు అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి.

కొన్నాళ్ళకు చింతకి నుంచి రాచయ్య మామ వచ్చాడు. గురునాథ్ తల్లికి తమ్ముడు. భుజం మీద పైపు ముక్క చుట్టుకుని, బస్సు దిగి నడిచి, చెమటతో వచ్చి నేరుగా ఆఫీసులోకి నడిచాడు. అక్కడ సేట్ ఉన్నాడు, రిబ్కా ఉంది, గోడకు సర్టిఫికెట్ ఉంది. మామను చూడగానే గురునాథ్ లేచి నిలబడ్డాడు.

"అల్లుడా, గిది సూడు," అని రాచయ్య పైపును నేల మీద పరిచాడు. "నేను చెట్టు పెట్టింది గీడ. నీళ్ళు పడుతున్నది గాడ. నడుమ గడ్డి మంచిగ పెరుగుతాంది. తర్బూజ తీగెలు వాడిపోతున్నయ్. నేను గడ్డికి డ్రిప్పు ఏసినట్టైంది."

సేట్ గురునాథ్ వైపు చూశాడు. బయటివాళ్ళు వచ్చినప్పుడు ఇంగ్లీషులోనే జవాబివ్వాలన్నది కంపెనీ కొత్త పద్ధతి. గురునాథ్ గొంతు సవరించుకున్నాడు. "ఎ మిస్టేక్ హాజ్ బీన్ మేడ్."

"ఏమంటున్నడు?" అని రాచయ్య సేట్‌ను అడిగాడు.

"నువ్వే చెప్పు మీ మామకు," అన్నాడు సేట్.

గురునాథ్ దాన్ని తెలుగులో పెట్టడానికి ప్రయత్నించాడు. "తప్పు... చేయబడ్డది మామా."

"చేయబడుడేంది? ఎవలు చేసిండ్రు?"

రిబ్కా కీబోర్డు మీద చేతులు పెట్టింది గాని నొక్కలేదు. సేట్ ఫైలు తెరిచి, ఆ రోజు రిపోర్టు వెతికి, వేలు పెట్టి చూపించాడు. "సూడు పెద్దాయనా, అంత రాసే ఉన్నది. పేరు మాత్రం లేదు. కంపెనీల ఎవలు చెయ్యలె."

"ఎవలు చెయ్యకుంటె ఇన్ని బెజ్జాలు ఎట్ల పడ్డయ్? ఎలుకలు గొట్టినయా?" రాచయ్య కోపంగా లేడు, అయోమయంగా ఉన్నాడు. "నేను ఎవన్ని కొట్టనీకి రాలె సేట్. చేసినోడు ఎవడో ఉంటె, వచ్చి సరి జేసి పోతడని వచ్చిన. ఎండలు ముదురుతున్నయ్. ఎవని అడగాలె నేను?"

సేట్ ఈ విషయం పరిశీలించబడుతుందని చెప్పి పంపించాడు. రాచయ్య పైపు మళ్ళీ చుట్టుకుని, గేటు దాకా వచ్చిన మేనల్లుడితో, "నీకు పని ఉన్నట్టుంది, నువ్వు పో. అంత నా కర్మ," అని బస్సు కోసం వెళ్ళాడు. కర్మ ముందుకొస్తుందని జయానందం సార్ చెప్పింది నిజమే. గురునాథ్ అక్కడే గేటు పట్టుకుని, మామ మలుపు తిరిగేదాకా చూశాడు.

ఆదివారం పొద్దున్నే అతను చేతితో బెజ్జం పొడిచే పంచీ, పాత బెజ్జాలు మూయడానికి ప్లాస్టిక్ బిరడాల సంచీ తీసుకుని బండెక్కాడు. ప్రేమల ఎటని అడిగితే, "మామ చేనుకు," అన్నాడు. "ఎందుకు?" అంటే, "బెజ్జాలు తప్పు కొట్టిన," అన్నాడు. ఆమె జొన్న రొట్టెలు కట్టిచ్చింది.

చింతకి చేలో సాలు వెంట వంగి నడవడం మొదలుపెట్టాడు. ఒక బెజ్జం మూయడం, జరిగి చెట్టు మొదట్లో కొత్తది పొడవడం. మిషన్ మీద ఒక్క వేలితో చేసిన తప్పు చేతులతో దిద్దితే ఎంత పొడుగుంటుందో ఆ సాళ్ళలో తెలిసింది. రాచయ్య గట్టు మీది నుంచి కాసేపు చూసి, తనూ వచ్చి బిరడాలు అందించసాగాడు. మధ్యాహ్నం రొట్టెలు తింటూ గురునాథ్ చెప్పబోయాడు. "మామా, ఆ దినం మిషన్ మీద..."

"తెల్సు తీ. నీ మొఖం ఇంగ్లీష్ మాట్లాడలె గద," అన్నాడు రాచయ్య. "ఉల్లిగడ్డ తిను."

వాడిన తీగల్లో కొన్ని తేరుకున్నాయి, కొన్ని తేరుకోలేదు. తేరుకోనివాటిని రాచయ్య పీకి గట్టు మీద వేశాడు.

సోమవారం గురునాథ్ రిపోర్టు రాశాడు. ఇన్నాళ్ళ క్లాసు ఫలితం, ఒక్క అక్షరం తప్పు లేదు. నేను అంకె తప్పు పెట్టాను. చూసుకున్నాను. అయినా లారీని ఆపలేదు. నేను చింతకి వెళ్ళాను. నేను ఒక చేను సరిచేశాను. మిగతావి కూడా సరిచేస్తాను. వాక్యానికొక 'ఐ' చొప్పున గుంజల్లా నిలబడ్డాయి.

సేట్ చదువుతూ ఉంటే ముఖం ఎర్రబడింది. తలుపు వేయించాడు.

"ఏమైంది నీకు? ఇన్ని దినాలు చదివి మళ్ళ మొదటికే వచ్చినవా?"

"గలత్ ఏమన్న ఉన్నదా సేట్?"

"గలత్ లేదు. అదే పరేషాన్. చదివితే అర్థమైతాంది!" సేట్ కాగితం బల్ల మీద కొట్టాడు. "పుణె ఆయన సూస్తే సర్టిఫికెట్ ఉంటదా?"

రెండు రోజుల తర్వాత రిబ్కా ఒక కాగితం తెచ్చిచ్చింది. 'ఇట్ హాజ్ బీన్ డిసైడెడ్' అని మొదలైంది. గురునాథ్ ఇంగ్లీషు స్థాయి పడిపోయినట్టు గమనించబడింది, అతను మొదటి బ్యాచ్ నుంచి మళ్ళీ నేర్చుకోవాలని నిర్ణయించబడింది, అంతవరకు సీనియర్ అన్న మాట తొలగించబడుతుంది.

"ఎవలు నిర్ణయించిండ్రమ్మా?" అన్నాడు గురునాథ్.

"నిర్ణయమైందన్నా," అంది రిబ్కా, పాపం తల దించుకుని. "పేరు టైపు చెయ్యమని ఎవలు చెప్పలె."

టైర్ల దుకాణం మీద జయానందం సార్ ఆ రిపోర్టును తెప్పించుకుని చూశాడు. వెతికి వెతికి ఎర్ర కలం మూసేశాడు. "గ్రామర్ల పట్టుకోనీకి ఏం లేదు," అన్నాడు. "కాని స్టైల్ పూర్తిగ పోయింది గురునాథ్. పెద్ద ఆఫీసులల్ల ఇట్ల రాయరు." ఇక చేసేదేం లేక, ఒక ఆటో నడిపే అతనికీ, బట్టలు కుట్టే ఆమెకూ మధ్య మొదటి బ్యాచ్ బెంచీ మీద కూర్చోబెట్టాడు. మొదటి రోజు పాఠం పేరు చెప్పుకోవడం. అందరూ నసిగారు. గురునాథ్ లేచి, "ఐ యామ్ గురునాథ్," అని కింద టైర్లకు గాలి కొట్టేవాడు తలెత్తి చూసేంత గట్టిగా చెప్పాడు. జయానందం సార్ వెరీ గుడ్ అన్నాడు.

ఆ తర్వాత అతని ఆదివారాలు అతనివి కాకుండా పోయాయి. చింతకిలో ఒక చేను బాగైన సంగతి పక్క చేలకు తెలిసింది. ఆ కంపెనీలో తప్పు చేసే మనిషి ఒకడున్నాడట, ఫోన్ చేస్తే వస్తాడట అని నంబరు చేతులు మారింది. రైతులు ఆఫీసుకు ఫోన్ చేయడం మానేశారు. ఆఫీసులో ఎత్తినవాళ్ళు పరిశీలించబడుతుంది అంటారు. గురునాథ్ ఎత్తితే, ఏ ఊరన్నా, ఎటు నుంచి రావాలె, అంటాడు. ఫిర్యాదులు రావడం తగ్గిందని సేట్ మురిసిపోయాడు. ఫిర్యాదులు తగ్గించబడ్డాయని నెల రిపోర్టులో రాశారు కూడా.

మొన్న చిట్గుప్ప దగ్గర దుర్గప్ప అనే రైతు అల్లం చేనుకు పిలిచాడు. అక్కడ పైపు నిలువునా చీలి ఉంది. గురునాథ్ దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది అతని మిషన్ మీద తీసిన పైపు కాదు, అతని షిఫ్టు కూడా కాదు.

"నువ్వే చేసినవా గిది?" అని దుర్గప్ప అడిగాడు. తిట్టడానికి కాదు, పోల్చుకోవడానికి.

"ఇది నేను కాదన్నా."

"మరి ఎవలు?"

"మా కంపెనీల నేను తప్ప ఎవలు ఏం చెయ్యరు," అన్నాడు గురునాథ్, చీలిక ఎక్కడి దాకా పోయిందో వేలితో తడుముతూ. "నీళ్ళు బంద్ చెయ్యి. కత్తి ఉంటె తే."

దుర్గప్ప కత్తి కోసం కొట్టం వైపు నడిచాడు. గురునాథ్ చెప్పులు విడిచి, తడి సాలులో గొంతుక్కూర్చున్నాడు.